సాక్ష్యం సంఘానికి చెప్పారు, కొడుక్కి చెప్పలేదు

"మా వారు ఆరేళ్ల క్రితం రక్షణ పొంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటినుంచి మందు ముట్టలేదు, చెయ్యెత్తలేదు. కానీ కోపం పోలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా కేకలే. ఇదంతా చర్చి నాటకమని మా ఆడపడుచు అంటుంది. పెద్దబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి ఇంటర్ ఫీజు డబ్బు తాగేసి, అడిగినందుకు వాణ్ణి కొట్టిన సంగతి ఆయన సంఘంలో సాక్ష్యంగా, అంటే దేవుడు తనను ఎలా మార్చాడో చెప్పే మాటగా, చెబుతుంటే మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. రెండు క్రిస్మస్‌లయింది, ఇంటికి రాలేదు. వాడిది మరీ హఠం. తండ్రిని సన్మానించమని వాక్యం పంపినా జవాబు లేదు. మా వారి మారుమనస్సు నిజమేనా? స్వభావం మారడానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుంది?"
– ఒక సోదరి, ఒంగోలు

అమ్మా, ఎన్నేళ్లన్న లెక్క నా దగ్గర లేదు. మీకూ దానితో పనిలేదు. ఆరేళ్లపాటు ఎవరూ నాటకం ఆడలేరు. మీ ఆడపడుచు మాట అక్కడితో వదిలేయండి.

1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం మీది. నీళ్లలో దిగి లేవడానికి ఒక్క పూట చాలు. స్వభావానికి అది చాలదు. యేసు శిష్యుడు పేతురునే చూడండి. పనిపిల్ల ముందు భయపడి యేసును ఎరగనన్నాడు. సంఘానికి స్తంభమనిపించుకున్న తర్వాత కూడా, అంతియొకయలో మనుషులకు భయపడి అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేయడం మానుకున్నాడు. అదే భయం, అన్నేళ్ల తర్వాత కూడా. తోటి అపొస్తలుడు పౌలు ముఖం మీదే నిలదీశాడు. మీ వారు ఉప్పు గురించి కేకలేస్తే మీరూ నిలదీయండి, భయపడి ఊరుకోకండి. చెయ్యి మళ్లీ లేస్తే మాత్రం ప్రార్థన చేస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆ ఇంట్లోంచి బయటికొచ్చి మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

నా మనసు కలుక్కుమన్నది మీ అబ్బాయి దగ్గర. వాడి సంగతి "హఠం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. వాడు దెబ్బలు తిన్న రాత్రి వాడిది. దాన్ని తండ్రి మైకులో చెప్పుకున్నారు. "చెప్పనా బాబూ" అని ఒక్క మాట ముందుగా అడిగారా? అందరూ హల్లెలూయ అన్నారు, ఆయనకు మెప్పు దక్కింది, పిల్లవాడికి పదిమందిలో తలదించుకోవలసి వచ్చింది. వాడు లేచి వెళ్లిపోకపోతే నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఆ లేచిపోవడంలో వాడి ఆత్మగౌరవం ఉంది. దాన్ని తప్పు పట్టకండి.

జాన్ న్యూటన్ అనే ఇంగ్లీషు నావికుడు 1748లో తుపానులో ఓడ మునగబోతుంటే దేవుణ్ణి వేడుకున్నాడు. తన మార్పు ఆ రోజే మొదలైందని జీవితాంతం చెప్పుకున్నాడు. అయినా 1754 దాకా బానిసలను తరలించే ఓడల్లోనే పనిచేశాడు, కెప్టెనుగా కూడా. 1764లో పాదిరి అయ్యాడు. ఆ ఓడల్లో తాను కళ్లారా చూసిందీ చేసిందీ సంకెళ్లతో సహా పూసగుచ్చినట్టు అచ్చువేసి బయటపెట్టింది 1788లో. తన ఒప్పుకోలు ఆలస్యంగా వచ్చిందని తనే రాశాడు. అప్పటికి ఆ వ్యాపారం ఇంకా సాగుతూనే ఉంది, దాన్ని ఆపించడానికి ఆ మాటలు పనికొచ్చాయి. మీ వారి సాక్ష్యం ఆ పిల్లవాడికి ఎందుకు పనికొచ్చిందో ఆయన్నే అడగండి.

ఇక మీరు. అబ్బాయికి బైబిల్లోని ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలోంచి తండ్రిని సన్మానించమన్న మాట పంపారు. దాని తర్వాత నాలుగో వచనం "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అని మొదలవుతుంది. అది మీ వారికి ఎప్పుడైనా చదివి వినిపించారా? వాక్యాన్ని చిన్నవాళ్ల మీదికే పంపడం మన ఇళ్లలో పాత అలవాటు. బాప్తిస్మం తీసుకున్న ఇళ్లలోనూ అది పోలేదు, నాకు బాధ కలిగించేది అదే. కొడుకు క్షమించాలని మనం తొందరపెడతాం, తండ్రి అడగాలని మాత్రం అనం.

కాబట్టి మీరు మధ్యవర్తిత్వం మానేయండి. "నాన్న మారిపోయాడురా" అని ఇకమీద ఒక్కసారి కూడా చెప్పవద్దు. నమ్మడం, నమ్మకపోవడం వాడి ఇష్టం. సంఘాన్ని హింసించిన సౌలు, అంటే ఆ పౌలే, మారాడని యెరూషలేములో శిష్యులే నమ్మలేదు, భయపడ్డారు. వాళ్లను ప్రభువు తప్పుపట్టలేదు.

మీ వారు చేయవలసింది ఉంది. అబ్బాయిని ముందుగా అడిగి, వాడు సరేనంటేనే హైదరాబాదు వెళ్లాలి. వద్దంటే ఉత్తరం రాయాలి. అందులో వాక్యాలు వద్దు, "సాతాను నన్ను ఆడించాడు" అన్న మాట అసలే వద్దు. "ఫీజు డబ్బు తాగాను, అడిగితే కొట్టాను, ఆ సంగతి నిన్ను అడగకుండా నలుగురిలో చెప్పాను" అని తన నోటితో తను చెప్పాలి. క్షమించమని ఒత్తిడి పెట్టకూడదు. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని యేసుతో అన్నాడు కదా, ఆ ఫీజు డబ్బు లెక్కగట్టి వాడి చేతిలో పెట్టాలి. వాడికి ఇప్పుడు ఆ డబ్బు అవసరం లేకపోవచ్చు, అయినా పెట్టాలి. ఇది జరిగేదాకా ఆ సాక్ష్యం ఇంకెక్కడా చెప్పకూడదు, పాస్టరుగారు పిలిచినా సరే.

ఈ జవాబు మీ వారికి చూపించండి. అబ్బాయికి మాత్రం పంపకండి, వాడికి రావలసింది తండ్రి దగ్గరనుంచే రావాలి.