ఆంప్ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్ములుకు, మామయ్య ఆశీస్సులు.

నీ ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే ఆంప్ (ఆంప్లిఫయర్) కొంటానని నువ్వు పంపిన ఫోటో చూశాను. అది 50 వాట్ల ఆంప్. నీకు అది వద్దు తల్లీ. స్టేజీ మీద డ్రమ్స్ పక్కన నిలబడి వాయించే రోజు వస్తే అప్పుడు నేనే దగ్గరుండి కొనిపిస్తాను. ఇప్పుడు నువ్వు వాయించేది ఎంవీపీ కాలనీలో, మూడో అంతస్తులో, గోడకి అవతల ఇంకొకళ్ల పడకగది ఉన్న ఫ్లాట్‌లో.

చాలామంది వాట్లు చూసి కొంటారు. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపవదు. 10 వాట్ల నుంచి 20కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. ఒక్క వాట్‌తోనే మీటరు దూరంలో 90 డెసిబెల్స్ దాకా పలికే స్పీకర్లు మామూలే. అంటే పది వాట్ల చిన్న ఆంప్‌ని సగం పెంచినా కింది వాటా వాళ్లకి వినిపిస్తుంది. అందుకని నువ్వు చూడాల్సింది ఒక్కటే, తక్కువ శబ్దంలో అది ఎలా పలుకుతుందని.

షాపులో గట్టిగా పెట్టి వినిపిస్తారు. గట్టిగా పెడితే ఏ ఆంపయినా బాగుందనే అనిపిస్తుంది. మొహమాటపడకుండా తగ్గించమని అడుగు. పక్కనున్న అమ్మతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగేంత తగ్గించి, అప్పుడు వాయించు. ముందు క్లీన్ చానల్‌లో, అంటే గరగర లేని శుభ్రమైన పలుకులో, ఓపెన్ కార్డ్స్ (కొన్ని తీగల్ని నొక్కకుండా వదిలి పట్టేవి) పట్టు. ఒక్కో తీగ విడివిడిగా వినపడాలి, ముద్దగా ఉంటే అది పక్కన పెట్టెయ్. తర్వాత గెయిన్, అంటే పలుకుని గరగరగా మార్చే నాబ్, పెంచి చూడు. వాల్యూమ్ నాబ్‌ని మెల్లగా తిప్పు. కొన్నిటిలో కాస్త కదపగానే ఏమీ లేని చోటు నుంచి ఒక్కసారిగా పెద్ద శబ్దం వచ్చేస్తుంది, మధ్యలో ఆగదు. ఇంట్లో అలాంటిదాంతో రోజూ అవస్థే. ఇదంతా నీ గిటార్‌తోనే చెయ్యి, షాపువాళ్ల ఖరీదైన గిటార్‌తో కాదు.

ఇంకో సంగతి. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి మంద్ర స్వరాలు బాగా తగ్గిపోయినట్టు వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి ఇంట్లో బేస్ నాబ్ కొంచెం ఎక్కువే పెట్టుకో, తప్పేం లేదు.

ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జీ, మార్షల్ ఎంజీ10, ఆరెంజ్ క్రష్ 12, ఈ మూడూ నీకు సరిపోయే తరహావే. వాటి స్పీకర్లు ఆరంగుళాలకి అటూ ఇటూ ఉంటాయి. అంతకన్నా బాగా చిన్నవైతే లావు తీగల బరువు వినపడదు. బాస్ కంపెనీ వాళ్ల కటానా మినీ ఆంప్ స్పీకర్ నాలుగంగుళాలే అయినా దాని పలుకు నాకు నచ్చుతుంది. ఆరు పెన్సిల్ బ్యాటరీలతోనూ నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా సాధన ఆగదు. వీటిలో ఏది అన్నది నీ చెవే చెప్పాలి. పలుకుని రకరకాలుగా మార్చే ఎఫెక్టులు యాభై ఉన్నాయని మాత్రం దేన్నీ కొనకు. నువ్వు వాడేవి రెండో మూడో.

హెడ్‌ఫోన్ సాకెట్ తప్పకుండా ఉండాలి. రాత్రి పదింటికి నీకు వాయించాలనిపిస్తుంది, ఆ కోరికని చంపుకోకూడదు. అయితే వైరున్న హెడ్‌ఫోనే వాడు. మామూలు బ్లూటూత్‌లో నువ్వు మీటిన క్షణానికీ వినపడే క్షణానికీ మధ్య జాప్యం ఉంటుంది. దాంతో వాయిస్తే లయ పాడవుతుంది.

మీ అన్నయ్య అమెరికా నుంచి తెస్తానన్నాడని అక్క చెప్పింది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి ఆంప్‌ని నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోవచ్చు. వెనక లేబుల్ మీద 230 అని లేకపోతే వద్దని చెప్పు. అలాగే మూడు పిన్నుల ప్లగ్ ఉన్న ఆంప్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌తో ఎప్పుడూ వాడకు. గిటార్ తీగలు ఆంప్ ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఆ ఎర్త్ పోతే ఆంప్‌లో ఏదైనా లోపం వచ్చినప్పుడు షాక్ నీ వేళ్లకే. ఈ ఒక్క విషయంలో నా మాట దాటకు.

ఇంటికి తెచ్చాక నేల మీద, గది మూలన పెట్టకు. మూలన బేస్ ఉబ్బుతుంది, అదురు స్లాబ్ లోంచి కిందికి పోతుంది. స్టూలు మీద మడతపెట్టిన బొంత వేసి, దాని మీద పెట్టి నీ చెవి వైపు తిప్పు. బుయ్‌మని మోత వస్తే ఆంప్ పాడైందని కంగారుపడకు. ఫోన్ చార్జరు, ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర నుంచి దూరంగా జరిగి, గిటార్‌ని కాస్త అటూ ఇటూ తిప్పి చూడు. నీ గిటార్‌లో తీగల కదలికని పట్టే పికప్‌లు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) రకంవి, వాటికి అది సహజం.

మన విశాఖ ఉప్పుగాలి ఇనుము దేన్నీ వదలదు. బాల్కనీ పక్కన పెట్టకు, వాయించడం అయ్యాక నూలుగుడ్డ కప్పు. కొన్నాళ్లకి నాబ్ తిప్పితే కరకరమంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది, అది నేను చేసిపెడతాను.

ఆదివారం పొద్దున్నే వస్తాను, కలిసే వెళ్దాం. ఈలోగా కేబుల్ కొనెయ్యకు. నా దగ్గర మంచివి రెండున్నాయి, తెస్తాను.

మామయ్య
గాజువాక