పలకల కంటే ముందు స్తంభాలు

ప్రశ్న: చెన్నై నీలాంకరైలో, సముద్రానికి దగ్గర్లోనే మా ఇల్లు. తోటవైపు గోడను ఆనుకుని, నేలకి రెండడుగుల ఎత్తున 16 × 12 అడుగుల చెక్క డెక్ ఉంది. పలకలు కుళ్ళాయి, ఇనుప రెయిలింగ్‌ను అడుగున తుప్పు తినేసింది. మొత్తం మార్చాలనుకుంటున్నాం. టేకు వేయాలా, డబ్ల్యూపీసీయా (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలక)? రెయిలింగ్‌కి స్టీలు మంచిదా, గాజా? ఇంట్లో మూడేళ్ల మనవడున్నాడు.

జవాబు: పలకల సంగతి ఆఖరున చూద్దాం. ముందు తేలాల్సింది రెయిలింగ్ స్తంభాలు ఎక్కడ నిలబడతాయన్నది. డెక్ అంతా అయ్యాక వెల్డర్ని పిలిచి, పలకల మీదే ప్లేటు పెట్టి నాలుగు స్క్రూలు బిగించడం చాలా చోట్ల జరుగుతుంది. మూడున్నర అడుగుల స్తంభం పైకొసన మనిషి ఆనితే, నాలుగంగుళాల ప్లేటు దగ్గర ఆ లాగుడు ఇంచుమించు పది రెట్లు. అంగుళం మందం పలకలో దిగిన స్క్రూ దాన్ని ఆపలేదు. ముందు కాస్త కదులుతుంది, ఆ సందులోకి ఉప్పునీరు దిగుతుంది, తుప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది.

అందుకే స్తంభాన్ని కింది ఫ్రేముకే కట్టాలి. చుట్టూ అంచుకి 4 × 2 అంగుళాల స్టీలు పైపు వేయించి, స్తంభాన్ని దాని పక్కకి ఆనించి, ఒకదాని కింద ఒకటిగా రెండు 12 మి.మీ. బోల్టులు ఇటు నుంచి అటు దూరేలా బిగించాలి. పైపు లోపల బోలు కదా, బోల్టు దూరే చోట చిన్న గొట్టం ముక్క పెట్టి వెల్డ్ చేయకపోతే బిగించే కొద్దీ పైపు నొక్కుకుపోతుంది. ఈ రంధ్రాలు, వెల్డింగులు అన్నీ అయ్యాకే ఫ్రేమును హాట్ డిప్ గాల్వనైజింగ్‌కి, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేయించడానికి, పంపాలి. ముందే జింకు పూసిన పైపు తెచ్చి వెల్డ్ చేస్తే ఆ అతుకుల దగ్గర జింకు కాలిపోతుంది, సముద్రపు గాలికి మొదట పోయేవి అవే. స్తంభాల చోట్లు ముందే తేలాలనడం అందుకే.

మీ కొలతకి మూడు వైపులా కలిపి 40 అడుగులు. నాలుగడుగులకొకటి చొప్పున 11 స్తంభాలు. రెండు స్తంభాల మధ్య ఒక గడి మెట్లకి వదిలితే రెయిలింగ్ 36 అడుగులు. ఎత్తు మీటరుకు తగ్గనివ్వకండి. చువ్వలు నిలువుగానే ఉండాలి, మధ్య సందు నాలుగంగుళాల లోపు. అడ్డ కమ్మీలు, అడ్డ తీగలు చూడ్డానికి ఎంత బాగున్నా మూడేళ్ల పిల్లాడికి అవి నిచ్చెనే. గాజు వద్దనే మా మాట: రోజూ ఉప్పు పొర పడుతుంది, రోజూ తుడవాలి. పెట్టి తీరాలనుకుంటే టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దాలను లామినేట్ చేసినదే, అంటే మధ్యలో ప్లాస్టిక్ పొరతో అతికించినదే, తీసుకోండి. మామూలు టఫెన్డ్ పగిలితే ముక్కలన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి.

రెయిలింగ్‌కి స్టెయిన్‌లెస్ స్టీలులో 316 గ్రేడే అడగండి. అందులో ఉప్పు తుప్పును తట్టుకునే లోహం, మాలిబ్డినం, 2–3 శాతం ఉంటుంది. 304లో అది లేదు కనుక తీరం దగ్గర టీ మరకల్లాంటి మచ్చలు పడతాయి. 202 అంతకంటే నాసి. అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి, ఈ మూడూ సాధారణంగా దానికి అంటవు. మాలిబ్డినం పట్టిచ్చే టెస్టు ద్రవం చుక్క వేయించి చూడండి. తర్వాత మంచినీళ్లతో కడుగుతుంటే చాలు. బాత్రూం యాసిడ్, ఇనుప పీచు తగలనివ్వొద్దు.

ఇక పలకలు. మనవడు వట్టి కాళ్లతో తిరుగుతాడు కనుక టేకుకే మా ఓటు. ముదురు రంగు డబ్ల్యూపీసీ ఏప్రిల్ మధ్యాహ్నం కాళ్లు కాల్చేస్తుంది. టేకులో చేవ ఉన్నదే కావాలి, అంచున పాలిపోయిన తెల్లచెక్క చెదలకి తిండి. 25 మి.మీ. మందం, పలకల మధ్య 5 మి.మీ. సందు, కోసిన కొసలకి నూనె. రంగు బూడిదగా మారినంత మాత్రాన చెక్క చెడినట్టు కాదు. ఖర్చు చూసుకుని డబ్ల్యూపీసీకే వెళితే లేత రంగుది, లోపల బోలు లేనిది కొనండి. ఎండకి పొడవునా సాగుతుంది కాబట్టి కొసల దగ్గరా 5–6 మి.మీ. వదలాలి. అలా వదలకుండా గోడకి ఆనించి బిగించినవే మధ్యలో ఉబ్బి లేస్తాయి.

ఏది వేసినా కింద అడుగుకొక వాసం పైపు ఉండాలి: 16 అడుగులవి 13. పలకలు 192 చదరపు అడుగులకి తరుగుతో కలిపి 211. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు పని ముగించండి, తడి చెక్క నూనె పీల్చదు.

ప్రశ్న: పాత పైన్ పలకల్లో గట్టిగా ఉన్నవి మళ్లీ వాడుకోవచ్చా?

జవాబు: స్క్రూడ్రైవర్ మొనతో, ముఖ్యంగా మేకుల చుట్టూ, గుచ్చి చూడండి. పావంగుళం సులువుగా దిగితే అది పనికిరాదు. మిగిలినవి మొక్కల కుండీల కింద బల్లలకి సరిపోతాయి. ఒక జాగ్రత్త: కోసిన చోట ఆకుపచ్చ ఛాయ కనబడితే అది ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన చెక్క కావచ్చు. దాన్ని పొయ్యిలోనూ భోగి మంటలోనూ వేయకూడదు, కూరగాయల మడికి అంచుగానూ పెట్టకూడదు. కోసేటప్పుడు ముక్కుకి మాస్కు కట్టుకోండి, పొట్టు తోటలో కలపకుండా సంచిలో పోయండి.