సి ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టాను. ప్రోగ్రామ్ పైన హెడర్ ఫైళ్ల పేర్లు ఎందుకు రాయాలి? లైబ్రరీలో ముందుగా ఏవి నేర్చుకోవాలి?

కొన్నేళ్లుగా మొదటి సంవత్సరం విద్యార్థులకు సి ల్యాబ్ చెబుతున్నాను. అక్కడ రోజూ చూసేదాన్ని బట్టి మీ రెండు ప్రశ్నలకూ జవాబు రాస్తున్నాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. హెడర్ ఫైల్ వేరు, లైబ్రరీ వేరు. ఎస్‌టీడీఐఓ.హెచ్ అనే హెడర్ ఫైల్‌ను ఎడిటర్‌లో తెరిచి వెతకండి, తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ పని ఎలా చేస్తుందో చెప్పే కోడ్ మామూలుగా అందులో దొరకదు. దొరికేది డిక్లరేషన్. అంటే ఈ పేరుతో ఒక ఫంక్షన్ ఉంది, ఇలాంటి ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది, ఇంట్ తిరిగి ఇస్తుంది అన్న సమాచారం. అసలు కోడ్ ముందే కంపైల్ అయి లైబ్రరీలో ఉంటుంది. హెడర్‌లో ఉన్నది చదివేది, మీ కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్; లైబ్రరీలో ఉన్నది తెచ్చి మీ ప్రోగ్రామ్‌కు కలిపేది లింకర్.

ఇది తెలిస్తే ఎర్రర్లు చదవడం వస్తుంది. మ్యాథ్.హెచ్ పెట్టి, యూజర్ ఇచ్చిన సంఖ్యకు ఎస్‌క్యూఆర్‌టీతో వర్గమూలం కట్టే ప్రోగ్రామ్ రాశారనుకోండి. లినక్స్‌లో జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేస్తే ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని వస్తుంది. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇక్కడ చెయ్యెత్తుతారు, ‘హెడర్ పెట్టాను కదా, మళ్లీ ఎర్రర్ ఏంటి?’ అని. హెడర్ బాగానే ఉంది, కంపైలర్ ఏమీ అనలేదు. దొరకడం లేదంటున్నది లింకర్. అక్కడ లెక్కల ఫంక్షన్లు విడి లైబ్రరీలో ఉంటాయి కాబట్టి కమాండ్ చివర మైనస్ ఎల్‌ఎమ్ అని చేర్చాలి. అదే ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్’ అని వస్తే సమస్య కంపైలర్ దగ్గరే ఉంది. హెడర్ మర్చిపోయి ఉంటారు, లేదా ఫంక్షన్ పేరులో ఒక అక్షరం తప్పి ఉంటుంది.

ఈ రెండో రకానికి ఒక చరిత్ర ఉంది. 1989 నాటి సి భాష ప్రమాణం (స్టాండర్డ్) ప్రకారం డిక్లరేషన్ లేని ఫంక్షన్ కనిపిస్తే, అది ఇంట్ ఇస్తుందని అనుకుని కంపైలర్ ముందుకు పోయేది. 1999 ప్రమాణంలో దాన్ని తీసేశారు. అయినా జీసీసీ చాలాకాలం వార్నింగ్‌తో వదిలేసింది. 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి మామూలుగా అది ఎర్రరే. పాత నోట్సులోని ప్రోగ్రామ్ కొత్త కంపైలర్‌లో ఆగిపోతే కంగారు పడకుండా ముందు పైనున్న హెడర్లు చూసుకోండి.

ఇక ఏవి నేర్చుకోవాలంటే, సి11 ప్రమాణంలో (2011 నాటిది) 29 హెడర్లున్నాయి. టెన్షన్ పడకండి, మొదట్లో ఎస్‌టీడీఐఓ, స్ట్రింగ్, మ్యాథ్, ఎస్‌టీడీలిబ్ చాలు. మ్యాథ్‌కు పెద్దగా సమయం పట్టదు. ఎస్‌టీడీలిబ్‌లో మెమరీ తీసుకునే మాలాక్, దాన్ని తిరిగిచ్చే ఫ్రీ జోలికి పాయింటర్లు వచ్చాకే వెళ్లండి.

ఎక్కువ సమయం, ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్‌కు ఇవ్వండి. ప్రింట్‌ఎఫ్ తేలిక, అందరికీ వచ్చేస్తుంది. తికమక అంతా ఇన్‌పుట్‌లోనే. ముందు వయసు, తర్వాత గ్రేడ్ అక్షరం అడిగే ప్రోగ్రామ్ రాయండి. వయసుకు 25 కొట్టి ఎంటర్ నొక్కగానే, గ్రేడ్ కోసం ఆగకుండా ప్రోగ్రామ్ అయిపోతుంది. రెండో స్కాన్‌ఎఫ్ పనిచేయలేదనిపిస్తుంది కానీ అది పనిచేసింది. మీరు పంపినవి మూడు అక్షరాలు: 2, 5, ఎంటర్ వల్ల వచ్చిన న్యూలైన్. సంఖ్యను చదవమని చెప్పే పర్సెంట్ డి 25 తీసుకుని న్యూలైన్‌ను అక్కడే వదిలేసింది. ఒక్క అక్షరం చదవమని చెప్పే పర్సెంట్ సి కి ఏ అక్షరమైనా ఒకటే, ఆ న్యూలైన్‌నే గ్రేడ్‌గా తీసేసుకుంది. రెండో స్కాన్‌ఎఫ్‌లో పర్సెంట్ గుర్తుకు ముందు ఒక ఖాళీ వదలండి, సరిపోతుంది. మిగిలిన న్యూలైన్‌ను తుడిచేయడానికి ఎఫ్‌ఫ్లష్ అనే ఫంక్షన్‌ను ఇన్‌పుట్ మీద వాడమని ఎవరైనా చెప్తే వినకండి. అలా వాడితే ఏం జరగాలో సి ప్రమాణం చెప్పలేదు, ఒక కంపైలర్‌లో పనిచేసింది ఇంకోదాంట్లో చేయకపోవచ్చు.

స్కాన్‌ఎఫ్ ఎన్ని విలువలు చదవగలిగిందో ఆ సంఖ్యను తిరిగి ఇస్తుందని కూడా చాలామందికి చెప్పరు. ఒక సంఖ్య అడిగినప్పుడు 1 రాకపోతే యూజర్ ఇంకేదో టైప్ చేశాడన్నమాట. ఈ ఒక్క చెక్ మొదటి నుంచీ అలవాటు చేసుకోండి.

స్ట్రింగ్స్ (అక్షరాల వరుసలు) విషయంలో రెండు చోట్ల జాగ్రత్త. రెండు స్ట్రింగ్‌లను డబుల్ ఈక్వల్‌తో పోలిస్తే అడ్రస్‌లు పోల్చినట్టవుతుంది. ఎస్‌టీఆర్‌సీఎంపీ వాడాలి, రెండూ ఒకటే అయితే అది సున్నా ఇస్తుంది. రెండోది, స్ట్రింగ్ అయిపోయిందని చెప్పడానికి చివర ఉండే నల్ అక్షరానికి కూడా అరేలో చోటు ఉంచాలి. స్ట్రింగ్ పొడవు చెప్పే ఎస్‌టీఆర్‌లెన్ ఆ నల్‌ను లెక్కపెట్టదు. పైగా అది లెక్కపెట్టేది బైట్లను. యూటీఎఫ్-8లో ‘తెలుగు’ అని ఇచ్చి చూడండి, 18 అంటుంది. మనం టైప్ చేసే ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి మరి.

ఒక లైన్ మొత్తం చదివే గెట్స్ అసలు ముట్టుకోకండి. అరే ఎంత పెద్దదో దానికి తెలియదు, యూజర్ ఎంత టైప్ చేస్తే అంతా రాసేస్తుంది. 2011 ప్రమాణంలో దాన్ని పూర్తిగా తొలగించారు. సైజ్ చెప్పి ఎఫ్‌గెట్స్ వాడండి.

మీ నోట్సులో కోనియో.హెచ్, క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ ఉంటే అవి ప్రామాణిక సి లో లేవు. టర్బో సి లాంటి కొన్ని కంపైలర్లతో వచ్చినవి. వాటిని కొట్టేసి, వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాసి, జీసీసీలో ఎక్కువ వార్నింగ్‌లు చూపించే మైనస్ వాల్ ఆప్షన్‌తో కంపైల్ చేయండి. వచ్చిన మెసేజ్‌లలో మొదటిదాన్ని ముందు సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. కింద ఉన్నవాటిలో చాలావరకు దాని వల్ల వచ్చినవే అయ్యుంటాయి.