అడిగి ఊరుకోవడం నేర్చుకో

అమ్మాయీ,

నీ పరిశోధన కోసం రోగులను అడగాలని రాసి పంపిన ప్రశ్నల పట్టిక, అదే ఇంటర్వ్యూ గైడ్, చూశాను. 23 ప్రశ్నలు! గంటలో అవన్నీ అడిగితే సర్వే అవుతుందిగానీ ఇంటర్వ్యూ కాదు. ఎనిమిదికి కుదించు. "మందులు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారా?" అంటే ఎవరైనా అవుననే అంటారు, అందులోనూ నువ్వు ఆసుపత్రి మనిషివనుకుంటే. "నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మందుల సంగతి ఎలా నడిచింది?" అని అడుగు. మన మెప్పు కోసం చెప్పే జవాబు అప్పుడు అంత తేలిగ్గా రాదు.

నా మొదటి ఏడాది ట్రాన్స్‌క్రిప్టులు, అంటే ఇంటర్వ్యూ రికార్డింగు విని మాట మాటా రాసిన కాగితాలు, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. క్షయ మందులు మధ్యలో మానేసిన ఒకాయన, "వేసుకుంటే వికారంగా ఉండేది, పైగా..." అని ఆగాడు. నేను ఆగలేదు. ఆరు నెలలూ వాడి తీరాలని పాఠం మొదలుపెట్టాను. ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ "పైగా" తర్వాత ఏముందో ఈనాటికీ నాకు తెలియదు. మా అధ్యయనమంతా దాని కోసమే!

నర్సుగా చేసి వచ్చిన నీకు ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. తప్పు వినపడగానే దిద్దాలనిపిస్తుంది. చెప్పాల్సింది తప్పకుండా చెప్పు, కానీ ఇంటర్వ్యూ అయ్యాక. అప్పటిదాకా మనసులో ఐదు లెక్కపెట్టు. అయినా మాట రాకపోతే వాళ్ల మాటే తిరిగి అందించు: "పైగా?" అంతే.

గ్రూపు చర్చకు ఆరుగురో ఎనిమిది మందో చాలు. అక్కడ నలుగురూ ఒప్పుకునే మాట తెలుస్తుంది, సొంత గుట్టు బయటపడదు. గుట్టు కావాలంటే విడిగా కూర్చోవాలి.

సమ్మతి అంటే సంతకం ఒక్కటే కాదు. రికార్డింగుకు విడిగా అడుగు, మధ్యలో లేచిపోవచ్చని చెప్పు. రికార్డర్ కట్టేశాకే అసలు మాట రావడం మామూలే. దాన్ని రాసుకోవాలంటే మళ్లీ అడగాల్సిందే.

ఎంతమందిని కలవాలన్నావు. కొత్త సంగతులు రావడం ఆగేదాకా. ఘనా, నైజీరియాల్లో 60 మంది మహిళల ఇంటర్వ్యూలను పరిశీలించి 2006లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, ముఖ్యాంశాలు దాదాపు అన్నీ మొదటి 12 లోనే దొరికాయి. అయితే వాళ్లంతా ఇంచుమించు ఒకే తరహా వాళ్లు. రకరకాల మనుషులైతే 12 చాలవు. కొత్తవి ఆగాయో లేదో తెలియాలంటే మాత్రం ఇంటర్వ్యూలను ఎప్పటికప్పుడు చదువుకోవాలి, చివర్లో అన్నీ కుప్పపోసి కాదు. గంట ఆడియో విని రాయడానికి నాలుగు గంటలు ఇట్టే పోతాయి. విసుగే, అయినా మొదటి రెండు ఇంటర్వ్యూలూ నువ్వే రాయి.

రాశాక నీ ప్రశ్నలు మాత్రమే నాకు పంపు. జవాబులు వద్దు, అవి నాకు చూపిస్తామని వాళ్లకు చెప్పలేదు కదా. ఎక్కడ అడ్డుపడ్డావో నీ మాటల పొడవు చూస్తేనే నాకు తెలిసిపోతుంది.

— మీ మేడమ్