స్పేర్ బండి లేని డిపో

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. మ్యూనిక్ శివార్లలో ఉంటాం. పెళ్ళై నాలుగేళ్ళు, పాపకి ఐదో నెల. పెళ్ళికి ముందే 2003 నాటి బీఎండబ్ల్యూ 330సీఐ కూపే, అంటే రెండు తలుపుల కారు కొన్నాను. ఇంట్లో ఉన్నది అదొక్కటే కారు, రోజూ ఆఫీసుకి దాంట్లోనే వెళ్తాను. మా నాన్న విజయవాడలో ఆర్టీసీ డిపో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఇంజన్ చప్పుడు వినడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పనులు చాలావరకు నేనే చేసుకుంటాను. పాప పుట్టినప్పటి నుంచి మా ఆవిడ కారు అమ్మేయమంటోంది. కాన్పుకి వచ్చిన మా అత్తగారు మూడు నెలలు మాతోనే ఉన్నారు, ఆవిడ మాత్రం కారు గురించి ఒక్క మాట అనలేదు. కిందటి నెల ఓ రాత్రి పాపకి జ్వరం వచ్చింది. కూలింగ్ సిస్టమ్ మార్చడానికి కారు విప్పి, గంటల లెక్కన అద్దెకిచ్చే వర్క్‌షాపులో వదిలి ఉన్నాను. టాక్సీ కోసం అరగంట ఆగాం. పాపకి ఏం కాలేదు. అయినా ఆ రోజు నుంచి మా ఆవిడ నాతో సరిగా మాట్లాడటం లేదు. "మేం కావాలో అది కావాలో తేల్చుకో" అంది. మంచి కారు ఒకటి ఉంచుకోవడం అంత తప్పా? ఈ ఏడాది దాని మీద 3,400 యూరోలు పెట్టాను. ఆమెకి 1,500 అని చెప్పాను.

జవాబు: తప్పు కాదు. ఇరవై ఏళ్ళు దాటిన బండిని సొంత చేతులతో విప్పి, బాగుచేసి, రోడ్డు మీద నిలబెట్టుకోవడం చిన్న విద్యేం కాదు. మీ ఉత్తరం చదివాక ఈ కారు నడిపే ఇద్దరితో మాట్లాడాను. వరసగా ఆరు సిలిండర్లున్న ఆ 3 లీటర్ల ఇంజన్ ఎంత నున్నగా తిరుగుతుందో, రోడ్డు గరుకుని ఆ స్టీరింగ్ చేతికి ఎలా చెబుతుందో వాళ్ళు చెబుతుంటే, మీకు ఎందుకు వదలబుద్ధి కావడం లేదో నాకు అర్థమైంది. మీ నాన్నగారి చెవి మీకు వచ్చింది. దాన్ని వదులుకోమని నేను చెప్పను.

కానీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది మీ అత్తగారి గురించి రాసిన వాక్యం. ఆవిడ ఒక్క మాట అనలేదన్నారు. అల్లుడి కారు ఎక్కలేకపోతున్నానని ఏ అత్తగారు అల్లుడితో అంటుంది? రెండు తలుపుల బండిలో వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి, ఆ సందులోకి తల దూర్చి, ఒక కాలు లోపల పెట్టి, నడుం మెలితిప్పి కూలబడాలి. దిగేటప్పుడు ఇంకా కష్టం. చీర కట్టుకున్న పెద్దావిడ అల్లుడి ముందు అలా ఎక్కీ దిగీ ఎంత సిగ్గుపడి ఉంటుందో ఊహించండి. మీతో అని ఉండదు. రాత్రి మోకాళ్ళకి నూనె రాసుకుంటుంటే కూతురు చూసే ఉంటుంది. మీ ఆవిడ కోపం జ్వరం వచ్చిన రాత్రితోనే మొదలైందని నేననుకోను.

ఇక పాప సంగతి. బేబీ సీటు సుమారు నాలుగు కిలోలు, ఐదో నెల పాప ఆరేడు కిలోలు. ఆ పదకొండు కిలోలని చేతులు చాచి, నడుం వంచి, పక్కకి తిప్పి వెనక సీట్లోకి చేర్చాలి. కూపే తలుపులు పొడుగు కాబట్టి పార్కింగ్‌లో పక్కన ఇంకో కారుంటే సగమే తెరుచుకుంటాయి. కాన్పు ఎలా జరిగిందో మీరు రాయలేదు. ఆపరేషనే అయితే, తొలి వారాల్లో పాపని మించిన బరువు ఎత్తొద్దని డాక్టర్లు చెబుతారు. ఆ రోజుల్లో ఆ సీటు ఎవరు ఎత్తారు? గుర్తు చేసుకోండి.

ఈ శనివారం ఒక పని చేయండి. ఏడు కిలోల బియ్యం సంచి బేబీ సీట్లో పెట్టి బెల్టు బిగించండి. సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో రెండు కార్ల మధ్య మీ కారు ఆపి, ఆ సీటుని పదిసార్లు వెనక పెట్టి, పదిసార్లు తీయండి. ఒంటరిగా చేయండి, ఇంటికొచ్చి చెప్పకండి. ఈ కారు ఇన్నేళ్ళూ మీకు డ్రైవర్ సీట్లోంచే తెలుసు. మీ ఆవిడకి తెలిసిన కారు వేరు.

వెనక ఎక్కించడం కష్టమని సీటుని ముందుకి మార్చే ఆలోచన ఉంటే, ముందు ఒకటి చూసుకోండి. వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటుని ముందు పెట్టాలంటే ఆ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరిగా ఆపి ఉండాలి. మీ కారులో ఆ వీలు లేకపోతే ఆ ఆలోచన అక్కడే వదిలేయండి.

మీ నాన్నగారి డిపో సంగతికి వస్తాను. రూట్లు ఎన్ని ఉన్నాయో సరిగ్గా అన్ని బస్సులే ఉంటే ఏ డిపో నడవదు. ఒక బండి షెడ్డులో ఉంటే ఇంకోటి రూటెక్కాలి. అందుకే స్పేర్ బండి పెట్టుకుంటారు. మీరు మాత్రం పాత బండిని రోజూ రూటు మీదా తిప్పుతున్నారు, షెడ్డులో విప్పీ పెడుతున్నారు, రెంటికీ ఉన్నది ఆ ఒక్కటే. కూలింగ్ సిస్టమ్ ముందుగా మార్చడం సరైన పనే, నాతో మాట్లాడినవాళ్ళూ అదే అన్నారు. ప్లాస్టిక్ ట్యాంకు, థర్మోస్టాట్ గూడు ఇన్నేళ్ళ వేడికి పెళుసెక్కుతాయి, పగిలేదాకా ఆగితే ఇంజన్‌కే ముప్పు. ఆ పని చేసినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. నెలల పిల్ల ఉన్న ఇంట్లో వేరే బండి ఏర్పాటు చేసుకోకుండా కారు విప్పినందుకు తప్పుపడతాను.

అమ్మడమా ఉంచడమా అన్న చోటే మీరిద్దరూ ఆగిపోయారు. మధ్యలో ఒక దారి ఉంది, అదీ మీరున్న దేశంలోనే. జర్మనీలో కారుని సీజన్ నంబర్ ప్లేటు మీద నడుపుకోవచ్చు. ఏడాదిలో రెండు నెలల నుంచి పదకొండు నెలల దాకా మీకు కావలసిన నెలలు ఎంచుకోవచ్చు, ప్లేటు చివర ఆ నెలల అంకెలు ఉంటాయి. పన్నూ బీమా ఆ నెలలకే కడతారు. మిగతా నెలల్లో దాన్ని నడపకూడదు, వీధిలో నిలపకూడదు, సొంత జాగాలోనో అద్దె గరాజ్‌లోనో ఉంచాలి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ అని పెట్టుకుంటే చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు మీ కారుకి తగలదు. ఆ ఉప్పు పాత రేకుని ఎంత తింటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2033 నాటికి దానికి 30 ఏళ్ళు నిండుతాయి. అసలు రూపంలో, మంచి స్థితిలో ఉంటే పాతకాలపు బండ్లకిచ్చే హెచ్ ప్లేటుకి అర్హత వస్తుంది. అప్పటికి మీ పాప బడికి వెళ్తూ, ఆ వెనక సీట్లోకి తనే ఎక్కి కూర్చునే వయసులో ఉంటుంది.

ఇంటి పనులకి నాలుగు తలుపుల మామూలు కారు ఒకటి కొనండి. పాతదైనా సరే, ఎత్తుగా, తలుపు పూర్తిగా తెరుచుకునేది కావాలి. ఏది కొనాలో ఆమె నిర్ణయించాలి, మీరు ఇంజన్ వరకే చూడండి. తాళం ఆమె దగ్గరే ఉండాలి. ఆమెకి జర్మన్ లైసెన్స్ లేకపోతే దానికయ్యే డబ్బు కూపే ఖర్చు కంటే ముందు పక్కన పెట్టండి. పగలంతా పసిపిల్లతో బండి లేకుండా ఉన్నది ఆమె. మీ ఆఫీసు రైలు దారిలోనే ఉంటే కొన్ని రోజులు ఎస్-బాన్ లోకల్ రైల్లో వెళ్ళి చూడండి. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెల టికెట్ 2026 జనవరి నుంచి 63 యూరోలు. కూపే మీద పెట్టినదాంతో నాలుగేళ్ళకి పైగా వస్తుంది.

రెండు బండ్ల ఖర్చు మోయలేమని లెక్క తేలితే, కూపే అమ్మాల్సిందే. అది నిజంగా బాధే, ఆ బాధని ఆమె ముందు దాచుకోవద్దు.

అయితే ఆ లెక్క వేయాలంటే అసలు అంకె ఆమెకి తెలియాలి. 1,500 అని చెప్పిన 3,400 గురించి మీరే ముందు చెప్పండి, బిల్లులన్నీ టేబుల్ మీద పెట్టి చెప్పండి. ఇదీ కారు గొడవలో భాగమే అనుకుని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసేశారు. నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది ఇదే. ఆ అంకె ఆమె బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూసి తెలుసుకుంటే, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా 1,500 లాంటిదే అనుకుంటుంది. చెప్పాక ఆమె కోప్పడుతుంది. కోప్పడనివ్వండి. ఆ రాత్రే సీజన్ ప్లేటు మాట ఎత్తకండి, ఒకటి రెండు రోజులు ఆగండి.

ప్లేటు కంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. టాక్సీ కోసం ఆగిన ఆ అరగంటలో ఆమె మనసులో ఏం తిరిగిందో అడగండి. చెబుతుంటే ఆపకండి. పాపకి ఏం కాలేదు కదా అని మీ నోటికి రాబోతుంది. నాకు రాసిన ఉత్తరంలో కూడా ఆ మాట వచ్చింది. ఆమె దగ్గర మాత్రం అనకండి.