గోడ మీద అక్షరం

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

చిత్రాల ఎగ్జిబిషన్ డిజైన్ పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషపడ్డాను. నువ్వు పంపిన మూడు లోగోలూ బాగున్నాయి. కానీ అప్పుడే లోగో దగ్గరికి ఎందుకు వెళ్లావు? ముందు ఖాళీ హాలు చూడు. గేటు నుంచి చివరి బొమ్మ దాకా ఏమీ తెలియనిదానిలా నడువు. ఎక్కడ కాలు ఆగి, ఇప్పుడెటు వెళ్లాలి అనిపించిందో అక్కడ నేల మీద టేపు ముక్క అంటించు. దారి చూపే బోర్డులు కావలసింది ఆ చోట్లలోనే. బాత్రూమ్ బోర్డు మరిచిపోకు, అందరూ మరిచిపోయేది అదే.

పోస్టర్ మీద ఎంత గోలైనా చెయ్యి, అది వీధిలో పదిమందిని పిలవాలి. లోపలికి వచ్చాక గొంతు తగ్గించాలి. బొమ్మ పక్కనే గట్టి రంగు పట్టీ వేస్తే కన్ను దాని మీదికే పోతుంది. చిత్రకారుడు నిన్ను జన్మలో క్షమించడు!

పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తుండాలని ఒక మోటు లెక్క ఉంది. తెలుగుకి ఇంకో చిక్కు. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ల మధ్య ఖాళీనే ఉంచేస్తే పై లైను వత్తులు కింది లైను గుడుల్లో ఇరుక్కుంటాయి. ఖాళీ పెంచు, చోటు చాలకపోతే మాటలు తగ్గించు.

బొమ్మల పక్కన పెట్టే లేబుళ్ల దగ్గర నేనొకసారి పప్పులో కాలేశాను. తెల్ల గోడ మీద లేత బూడిద రంగులో సన్నటి అక్షరాలు, స్క్రీన్ మీద ముచ్చటగా ఉన్నాయి. మొదటి రోజే ఒక పెద్దాయన చదవడానికి ముందుకు వంగాడు. వెనకనున్న లైటుకి ఆయన తల నీడే లేబుల్ మీద పడింది. ఇక ఏం చదువుతాడు! రాత్రికి రాత్రే అన్నీ మళ్లీ ప్రింట్ చేయించాం. అందుకే అక్షరం సైజు 18 పాయింట్ల కంటే తగ్గించకు, ముదురు రంగు వాడు, మెరిసే కాగితం వద్దు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకూ అందే ఎత్తులో పెట్టు.

వినైల్ అక్షరాలైతే, అంటే స్టిక్కర్‌లా కత్తిరించి గోడకు అంటించేవైతే, గోడకు రంగు ఎప్పుడు వేశారో అడుగు. పచ్చి రంగు మీద అవి నిలవవు, రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఈ తేదీ ముందే మాట్లాడుకోకపోతే చివర్లో టెన్షన్ అంతా నీదే.

ఒక బోర్డు, ఒక లేబుల్ అసలు సైజులో ప్రింట్ తీసి, ఆ గోడకే అంటించి, ప్రదర్శన రోజు వేసే లైట్లే వేసి చూడు. ఫొటో నాకూ పంపు. ఫైల్ కాదు, గోడ మీదిది.

మీ బాబాయి