లేహ్‌లో పరుగు మానేసి మెల్లగా నడిస్తే ఊపిరితిత్తుల మీద భారం నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ సున్నా అయిపోదు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. గాలిలో ఆక్సిజన్ శాతం మన ఊళ్లో ఉన్నట్టే 21, కాకపోతే గాలి పీడనమే తక్కువ కాబట్టి ఒక్కో శ్వాసకి అందేది మూడింట రెండు వంతులే. ఆక్సిజన్ తగ్గగానే ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాలు బిగుసుకుపోతాయి. మామూలుగా ఇది మంచి ఏర్పాటే, గాలి సరిగా అందని భాగానికి రక్తం వెళ్లకుండా ఆపడానికి. అక్కడ మాత్రం ఊపిరితిత్తులు మొత్తానికీ ఆక్సిజన్ తక్కువే కదా, అన్ని చోట్లా బిగుస్తాయి, అదీ సమానంగా కాదు. ఆ సమయంలో మీరు పరుగు పెడితే గుండె రెండు మూడింతలు రక్తం తోస్తుంది, అంతా ఇరుకు దారిలోంచే పోవాలి, బిగుసుకోని చోట పీడనం మరీ పెరిగి నీరు గాలితిత్తుల్లోకి (ఊపిరితిత్తుల్లో గాలి నిండే చిన్న సంచుల్లోకి) కారొచ్చు. మెల్లగా నడిస్తే ఆ తోపుడు తక్కువ, రక్తంలో ఆక్సిజన్ కూడా అంతగా పడిపోదు.

నేను వెళ్లిన రోజే సూట్‌కేసు రెండో అంతస్తుకి మోసి, మెట్ల మీదే కూలబడ్డాను (ఇక్కడ రోజూ 5 కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ణి మరి!). ఫిట్‌నెస్ ఉన్నంత మాత్రాన ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది రాదనుకోవద్దు.

మొదటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత నడక చాలు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, లేదా దగ్గులో గులాబీ రంగు నురగ కనిపిస్తే, నడక సంగతి వదిలేసి వెంటనే ఆక్సిజన్, ఆస్పత్రి, కిందికి దిగడం.